ఉస్మానియా–తార్నాక ప్రాంతంలో విద్యార్థి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సంవత్సరపు ప్రాజెక్టులు

హైదరాబాద్ తూర్పు భాగంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాక, హబ్సిగూడ కలిసి ఒకే విద్యాప్రాంతంగా ఎదిగాయి. చదువుకూ ఉద్యోగానికీ మధ్య వంతెనగా చెప్పుకునే మార్గాలు రెండు. ఒకటి, బయటి సంస్థలో కొంతకాలం పనిచేసే ఇంటర్న్‌షిప్. రెండోది, చదువు చివర నేర్చుకున్నదంతా ఒక సమస్య మీద ప్రయోగించే మేజర్ ప్రాజెక్టు. ఇవి ఈ ప్రాంతంలో ఎలా వేళ్లూనాయో, ఏ మేరకు ఫలించాయో పరిశీలించడం ఈ వ్యాసం పని. ఆధారాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా తేలుతుంది. గంటలు, క్రెడిట్లు, సర్టిఫికెట్లు ఎన్ని పెంచినా, విద్యార్థి చేసిన పనిని దగ్గరుండి చూసి తప్పొప్పులు చెప్పే మనిషి లేకపోతే ఆ శిక్షణ పేరుకే మిగులుతుంది.

ప్రాంతం, సంస్థలు

విశ్వవిద్యాలయ స్థాపనకు 1917, 1918, 1919 అనే మూడు సంవత్సరాలూ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా 1917 ఏప్రిల్‌లో వెలువడింది. 1918లో విశ్వవిద్యాలయం అధికారికంగా ఏర్పడింది. తరగతులు 1919లో మొదలయ్యాయి. శతాబ్ది ఉత్సవాలు 2017 ఏప్రిల్‌లోనే ప్రారంభించినా, ఎక్కువ వాడుకలో ఉన్న 1918నే ఇక్కడ అనుసరిస్తున్నాం. వృత్తివిద్య దృష్టితో చూస్తే వీటికన్నా ముఖ్యమైన సంవత్సరం 1929. ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది ఆ ఏడాదే. ప్రాంగణానికి గుర్తుగా నిలిచిన ఆర్ట్స్ కళాశాల భవనం దానికి పదేళ్ల తర్వాత, 1939లో ప్రారంభమైంది. అప్పటికే కాస్త దూరంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉంది. 1890ల నాటి ఆ కర్మాగారంలో కుర్రాళ్లు మేస్త్రీల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. పుస్తకంతో మొదలయ్యే చదువు ఒకటి, పనిముట్టుతో మొదలయ్యే చదువు మరొకటి. రెండూ ఇరుగుపొరుగున పెరిగినా ఒకదానితో ఒకటి కలిసింది తక్కువే అనుకోవాలి.

ప్రాంతానికి ప్రత్యేకత తెచ్చినవి పరిశోధనశాలలు. హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం 1944లో ఒక కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలను నెలకొల్పింది. అది 1956లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, అయింది. దాని పుట్టుకను 1956 నుంచి లెక్కపెట్టే వారున్నారు. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి పొరుగునే పరిశ్రమల కోసం పరిశోధన అన్న ఆలోచన తొలి సంస్థలోనే ఉంది కనుక 1944ను తీసుకోవడమే సబబు. కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఇప్పుడు ఇఫ్లూగా మారిన ఆంగ్ల బోధనా సంస్థ కూడా 1958 నాటిదే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, 1961లో వచ్చింది. ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగమే బీజంగా, పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ 1977లో ఏర్పడింది. కొంచెం ఉత్తరాన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. 1967లో, అణు ఇంధన కర్మాగారం 1971లో వచ్చాయి. ఒక విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఇన్ని జాతీయ సంస్థలు చేరిన చోట్లు దేశంలో తక్కువ.

ఈ సాన్నిహిత్యం వల్ల లాభం కలిగిందనడానికి రసాయన శాస్త్రం మంచి ఉదాహరణ. 1985–95 మధ్య ఎ.వి. రామారావు డైరెక్టరుగా ఉన్న కాలంలో ఐఐసీటీ అనేక ఔషధాలకు చౌకైన తయారీ పద్ధతులు రూపొందించింది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీకి అక్కడ తయారైన పద్ధతిని సిప్లా వాడుకుంది. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ విస్తరించడానికి ఇది ఒక కారణం. ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వ ఔషధ సంస్థల్లో తయారైన నిపుణులది అంతకు తక్కువ కాని పాత్ర. అలా విస్తరించిన పరిశ్రమకు ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ పట్టభద్రులు కావలసి వచ్చారు. ప్రయోగశాలలో ఒక చర్యను చేసి, దిగుబడి ఎందుకు తగ్గిందో వెతికిన విద్యార్థికి ఆ ఉద్యోగం కొత్త లోకంలా తోచదు. అయితే గోడ అవతల పరిశోధనశాల ఉన్నంత మాత్రాన ప్రతి విద్యార్థికీ అందులో చోటు దొరకదు. ఒక శాస్త్రవేత్త ఒక ఏడాదిలో శ్రద్ధగా చూసుకోగలిగేది కొద్దిమందినే.

పద్ధతి ఎక్కడిది

చదువునూ పనినీ వంతులవారీగా నడిపే పద్ధతికి ఆద్యుడు హెర్మన్ ష్నైడర్ అనీ, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో ఆయన దాన్ని ప్రారంభించాడనీ ఎక్కువమంది రాస్తారు. బ్రిటన్ రచయితలు 1903 నాటి సండర్లాండ్ సాంకేతిక కళాశాలను ముందు పెడతారు. ఇప్పటి ఇంటర్న్‌షిప్‌లకు నేరుగా దారి వేసింది సిన్సినాటి నమూనాయేనని చెప్పడం మేలు. 1916లో ఎం.ఐ.టి. కెమికల్ ఇంజనీరింగ్ విభాగం ‘ప్రాక్టీస్ స్కూల్’ పెట్టింది. పిలానీలోని బిట్స్ 1973 నుంచి అదే పేరుతో రెండు దశల కార్యక్రమం నడుపుతోంది. 2008లో శామీర్‌పేట దగ్గర మొదలైన హైదరాబాద్ ప్రాంగణంలోనూ అదే విధానం. ఎం.ఐ.టి., బిట్స్ నమూనాల్లో గమనించాల్సింది ఒకటే. విద్యార్థులతో పాటు అధ్యాపకుడి బాధ్యత కూడా కర్మాగారం దాకా వెళ్లింది. మార్కులు వేసేవారికి పని ఎక్కడ, ఎలా జరిగిందో తెలుసు.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ సూత్రం కొత్తది కాదు. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి ఏడాదిపాటు హౌస్ సర్జన్‌గా వార్డుల్లో పనిచేయనిదే శాశ్వత రిజిస్ట్రేషన్ రాదు. ఉస్మానియా వైద్య కళాశాల 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఈ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేది. న్యాయవిద్యలో బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. బి.ఎడ్.లో 2014 నిబంధనలు 20 వారాల పాఠశాల అనుభవాన్ని కోరాయి. వైద్యంలో ఇది బలంగా నిలబడటానికి కారణం వ్యవధి ఒక్కటే కాదు. హౌస్ సర్జన్ రాసిన కేసు షీటును ఆ రోజే పై డాక్టరు చూస్తాడు. ఎదురుగా రోగి ఉంటాడు. తప్పు జరిగితే ఆ పూటే బయటపడుతుంది.

నిబంధనల క్రమం

1961 అప్రెంటిస్ చట్టం మొదట్లో ఐ.టి.ఐ. తరహా వృత్తుల కోసం వచ్చింది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా వారు దాని పరిధిలోకి వచ్చారు. 2014లో మరోసారి సవరించారు. 2019 నియమాలు 30 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నాయి. పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. మధ్యలో 1964–66 నాటి కొఠారి కమిషన్ పని అనుభవం అన్ని స్థాయుల చదువులోనూ భాగం కావాలని సిఫారసు చేసింది. అది పాఠశాలల్లో ఒక పీరియడుగా కుదించుకుపోయింది.

అసలు మార్పు 2018 తర్వాత వచ్చింది. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ మాదిరి పాఠ్యప్రణాళిక ఇంజనీరింగ్ డిగ్రీని 160 క్రెడిట్లకు తగ్గించి, ఇంటర్న్‌షిప్‌కు చోటు చేసింది. ఆ వెంట వచ్చిన విధానపత్రం డిగ్రీ ముగిసేలోగా 600–700 గంటలు ఉండాలంది. 2022 డిసెంబరులో యూజీసీ డిగ్రీ చట్రం ఇంటర్న్‌షిప్‌కు 2–4 క్రెడిట్లు, నాలుగేళ్ల పరిశోధనా ఆనర్స్‌లో డిసర్టేషన్‌కు 12 క్రెడిట్లు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకు వెళ్లి 2020–21 నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో మొదటి రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు. తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో చాలా కోర్సులకు ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు, లేదా దానికి బదులు ఐచ్ఛిక పేపరు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నిర్ణయంలో ధైర్యం ఉంది. అయితే ప్రతి జిల్లాలో అన్ని వేలమందికి పని చూపే సంస్థలు లేని చోట పది నెలలు కాగితం మీదే గడిచే ప్రమాదం కూడా అంతే ఉంది.

మేజర్ ప్రాజెక్టు

ఇంజనీరింగ్ నాలుగో ఏడాదిలో ముగ్గురు నలుగురు ఒక బ్యాచ్‌గా ఏర్పడతారు. గైడును ఎంచుకుని, అబ్‌స్ట్రాక్ట్ ఇచ్చి, రెండు మూడు రివ్యూలు దాటి, బైండింగ్ చేయించిన రిపోర్టుతో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు వైవాకు కూర్చుంటారు. చేసింది తామేనని నిరూపించుకోవలసిన చోటు ఆ వైవాయే. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారతదేశం పూర్తి సభ్యత్వం పొందాక, జాతీయ గుర్తింపు మండలి ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపుకు విద్యార్థి ఏం చేయగలడన్నదే కొలమానమైంది. దాంతో ప్రాజెక్టుకు కాగితం మీద గౌరవం పెరిగింది. అదే కాలంలో అమీర్‌పేటలో తయారు ప్రాజెక్టుల అమ్మకమూ కొనసాగింది. తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ల మీదుగా సాగే మెట్రో దారే అమీర్‌పేటకూ వెళుతుంది, హైటెక్ సిటీకీ వెళుతుంది. కోడ్, రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడగబోయే ప్రశ్నలు అన్నీ కలిపి కొనుక్కోగలిగినప్పుడు, దోషం కొన్నవాడిది మాత్రమే అనడం న్యాయం కాదు. ఏటా అవే శీర్షికలు వస్తున్నా ప్రశ్నించని మదింపు పద్ధతికి కూడా అందులో వాటా ఉంది.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం, ఇవి సిద్ధాంత బోధన సమయాన్ని తినేస్తాయని. 160 క్రెడిట్లకు కుదించిన డిగ్రీలో ఈ భయం సహజమే. కానీ నిజమైన ప్రాజెక్టు సిద్ధాంతాన్ని పక్కన పెట్టనివ్వదు. నీటి నమూనాలో ఫ్లోరైడ్ కొలిచిన విద్యార్థి తన కొలతలో దోషం ఎంతో చెప్పాలంటే గణాంకశాస్త్రం మళ్లీ తెరవక తప్పదు. రెండోది, ఇంతమందికి చోట్లెక్కడివని. వందల అనుబంధ కళాశాలలున్న విశ్వవిద్యాలయానికి ఈ ప్రశ్న న్యాయమైనది. తార్నాక పరిశోధనశాలలన్నీ తలుపులు తెరిచినా సరిపోవు. అందుకే ప్రాజెక్టుకు ఇంటర్న్‌షిప్‌తో సమాన విలువ ఇవ్వాలి. ప్రాంగణంలోనే హాస్టళ్ల నీరు, విద్యుత్తు, గ్రంథాలయంలోని పాత ఉర్దూ సంచికల భద్రత, పరిసరాల్లోని, కవయిత్రి మాహ్ లఖా బాయి నాటి దిగుడుబావి వంటి సమస్యలు పరిష్కారం కోరుతున్నాయి. ఇవి కల్పిత సమస్యలు కావు. పరిష్కారం పనిచేసిందో లేదో చెప్పగలిగిన మనుషులు అక్కడే ఉన్నారు.

మూడోది డబ్బు. ఇది అన్నిటికన్నా బరువైనది. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే విద్యార్థి వేసవిలో జీతం లేని పనికి నగరంలో ఉండలేడు. చేరగలిగేవారు నగరంలో ఇల్లున్నవాళ్లే. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు ప్రకటించింది కానీ, అది రెగ్యులర్ కోర్సులో చదువుతున్నవారి కోసం రాలేదు. అప్రెంటిస్‌కు చట్టం స్టైపెండ్ హామీ ఇస్తుంది. కళాశాల పంపే ఇంటర్న్‌కు ఆ హామీ లేదు. తప్పనిసరి చేసిన ప్రతి గంటకూ కనీసం భోజనం, బస ఖర్చు ఎవరు భరిస్తారో నిబంధనే చెప్పాలి. చెప్పకపోతే పేద విద్యార్థి సర్టిఫికెట్ కొనుక్కునే దారి పడతాడు. నాలుగోది, సంస్థలు ఇంటర్న్‌లను చౌక శ్రామికులుగా వాడుకుంటాయని. ఇది జరుగుతుంది. ఏం నేర్పుతారో ముందే రాసిన ఒప్పందం, మధ్యలో ఒకసారైనా అధ్యాపకుడి సందర్శన దీన్ని చాలావరకు అరికడతాయి. అయిదోది కొత్తది: కోడ్, రిపోర్టు రెండూ కృత్రిమ మేధ రాసిపెడుతున్నప్పుడు ప్రాజెక్టుకు విలువేమిటని. నిజానికి ఇది రిపోర్టు బరువు చూసి మార్కులు వేసే పద్ధతికి మాత్రమే దెబ్బ. ఈ దారి ఎందుకు ఎంచుకున్నావు, ఎక్కడ విఫలమయ్యావు, ఏం మార్చావు అని అడిగే వైవాకు విలువ ఇప్పుడే ఎక్కువ.

మదింపు

ఉద్యోగ సన్నద్ధతకు ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు రెండూ ఉపయోగపడతాయనడానికి వైద్యవిద్య, ప్రాక్టీస్ స్కూళ్లు, తార్నాక రసాయన పరిశోధన తగిన సాక్ష్యం. మూడింటిలోనూ నిజమైన పని ఉంది, దగ్గరుండి చూసే పెద్ద ఉన్నాడు, తప్పుకు జవాబుదారీ ఉంది. ఈ మూడూ లేని చోట 700 గంటలకూ ఏడు గంటలకూ పెద్ద తేడా ఉండదు. కనుక విశ్వవిద్యాలయాలు గంటలు పెంచే ముందు ఒక గైడుకు ఎన్ని బ్యాచ్‌లు ఉండవచ్చో పరిమితి పెట్టాలి. ఆ పనిని అధ్యాపకుడి బోధనా భారంలో లెక్కించాలి. ఖాళీగా ఉన్న అధ్యాపక ఉద్యోగాలు నింపాలి. విద్యార్థులు కూడా చోటు వెతికేటప్పుడు సంస్థ పేరు కన్నా ముందు, అక్కడ తమ పనిని చూసేది ఎవరో అడిగి తెలుసుకోవాలి.