మూతబడిన బడి కథ

పుణేలో కొన్నాళ్ళైనా ఉద్యోగం వెలగబెట్టినవాళ్ళు మనలో బోలెడుమంది. హింజవడి ట్రాఫిక్‌ని తిట్టుకోనివాడు ఉండడు, దగ్డూసేఠ్ గణపతికి దణ్ణం పెట్టుకోనివాడూ అరుదే. ఆ గుడికి ఎదురుగా భిడేవాడా అని ఒక పాత ఇల్లు ఉండేది. చాలా ఏళ్ళపాటు కింద దుకాణాలు, పైన శిథిలాలు.

1848లో జ్యోతిరావు ఫూలే, సావిత్రిబాయి ఆడపిల్లలకి బడి పెట్టింది అందులోనే. టీచరమ్మకి 17 ఏళ్ళు. ఆవిడకి అక్షరాలు నేర్పింది భర్తే. పిల్లలు గట్టిగా పదిమంది లేరు.

"దేశంలో మొట్టమొదటి బాలికల బడి" అని ఏటా జనవరి 3న వాట్సాప్‌లో తిరుగుతుంది. నిజానికి మిషనరీలు 1820లలోనే బొంబాయి, కలకత్తాల్లో ఆడపిల్లల బళ్ళు పెట్టారు. మనవాళ్ళు సొంతంగా పెట్టుకున్న తొలి బళ్ళలో ఒకటి అంటే సరిపోతుంది. నాకైతే ఈ "మొదటి" గొడవకన్నా ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఆ బడి కొన్ని నెలలకే మూతబడింది!

ఊళ్ళో వ్యతిరేకత సంగతి సరే. దారిలో పేడా, బురదా విసిరేవారనీ, సావిత్రిబాయి మార్చుకోడానికి ఇంకో చీర వెంట తీసుకెళ్ళేవారనీ చెబుతారు. 1849లో మామగారు కొడుకునీ, కోడలినీ ఇంట్లోంచి పొమ్మన్నారు.

1851 జూలైలో అదే బుధవార్ పేటలో, చిప్లూణ్‌కర్ వాడాలో మళ్ళీ మొదలెట్టారు. ఈసారి కమిటీ వేసుకున్నారు, చందాలు పోగుచేశారు, జనం ముందు పరీక్షలు పెట్టించారు. ఏడాది తిరక్కుండా మూడు బళ్ళయ్యాయి. 1852 నవంబరులో ప్రభుత్వమే జ్యోతిరావుకి శాలువా కప్పింది. మన భాషలో చెప్పాలంటే మొదటి రిలీజ్ పోయింది, రెండోసారి డిజైన్ మార్చారు.

ఆ అనుభవంతోనే ఆయన 1882లో హంటర్ కమిషన్‌కి తన వాదన రాసిచ్చారు. రైతుల పన్నులు తెచ్చి పైచదువులకి పోస్తున్నారు, చదువు పైనుంచి కిందికి దానంతటదే దిగుతుందనుకోవడం భ్రమ, కనీసం 12 ఏళ్ళ వయసుదాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చెయ్యండి అని. విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది 2010 ఏప్రిల్ 1న. లెక్కేసుకోండి, 128 ఏళ్ళు. మొదటి ఐఐటీ మాత్రం 1951కల్లా వచ్చేసింది. పైచదువుల ఫలం తిన్నవాళ్ళం మనమే కాబట్టి ఈ లెక్క మనమే వెయ్యాలి.

కోర్టు తీర్పుల తర్వాత, 2023 డిసెంబరులో, స్మారకం కట్టడానికి భిడేవాడాని కూల్చేశారు. స్మారకం వద్దని నేననను. కానీ ఈసారి మీ ఊరెళ్ళినప్పుడు మీరు చదివిన సర్కారు బడి తెరిచుందో లేదో ఒకసారి కనుక్కోండి. మూసేసి ఉంటే, పిల్లలు తక్కువని మూసేశారనే అంటారు.

సావిత్రిబాయి బళ్ళో పదిమంది కూడా లేరు.