బొంబాయి పేరు, కోయంబత్తూరు చిత్రము

2023 మార్చి 12వ తేదీన అమెరికాలో జరిగిన ఆస్కారు సభలో ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమునందలి ‘నాటు నాటు’ పాటకు బహుమానము లభించెను. పాట వ్రాసినవారు చంద్రబోస్, స్వరపరచినవారు కీరవాణి. అయినను సభను నడిపిన జిమ్మీ కిమ్మెల్ దానిని బాలీవుడ్ చిత్రమని పేర్కొనెను. ఇది బాలీవుడ్ చిత్రము కాదు, తెలుగు చిత్రమని దర్శకుడు రాజమౌళి అంతకుముందే అమెరికా ప్రేక్షకులకు చెప్పియుండెను.

పాశ్చాత్య పత్రికలవారిలో పెక్కుమందికి భారతీయ చిత్రమనిన హిందీ చిత్రమే. హిందీ చిత్రమనిన పాటలు, నృత్యములు, కన్నీళ్ళు. 1955లో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ న్యూయార్కులో ప్రదర్శింపబడిన పిదప వారి చేతికి ఒక త్రాసు చిక్కినది. పాట లేనిది కళ, పాట యున్నది కాలక్షేపము! వీధిభాగవతములును హరికథలును ఎరిగిన మనము ఇట్లు తూచగలమా?

బాలీవుడ్ అనునది 1970 దశకములో ఇంగ్లీషు వ్రాతలలో పుట్టిన పరిహాసనామము. టాలీవుడ్ అంతకంటె పాతది. 1932లో డెమింగ్ అను అమెరికా ఇంజనీరు కలకత్తాలోని టాలీగంజ్‌ను ఉద్దేశించి ఆ మాట వాడెను. దానినే నేడు మనవారు తెలుగు చిత్రములకు ముచ్చటగా తగిలించుకొనుచున్నారు.

ఇక మన యూరి సంగతి. సింగానల్లూరులో సెంట్రల్ స్టూడియో వెలసినది 1930 దశకపు నడుమ. ఎం.జి. రామచంద్రన్ తొలిసారి నాయకుడుగా నటించిన ‘రాజకుమారి’ (1947) తయారైనది అచ్చటనే. సెంట్రల్ స్థాపకులలో నొకరైన శ్రీరాములు నాయుడుగారు పిదప పులియకుళమున పక్షిరాజా స్టూడియో నెలకొల్పిరి. వారు 1954లో తమిళమున ‘మలైక్కళ్ళన్’ తీసిరి. కథ నామక్కల్ రామలింగం పిళ్ళైగారిది. ఆ కథనే అదే యేట రామారావు, భానుమతులతో తెలుగున ‘అగ్గిరాముడు’గా, 1955లో దిలీప్ కుమార్, మీనాకుమారులతో హిందీలో ‘ఆజాద్’గా, 1957లో కన్నడమున ‘బెట్టద కళ్ళ’గా నిర్మించిరి.

‘ఆజాద్’ కొరకు బొంబాయి తారలే కోయంబత్తూరు వచ్చిరి. తమిళ కవి కథ, నాయుడుగారి దర్శకత్వము, కొంగునాటి స్టూడియో, హిందీ మాటలు. ఇప్పటి ఇంగ్లీషు పట్టికలలో మాత్రము అది బాలీవుడ్ చిత్రము. పాశ్చాత్యులను అననేల? ఇంట తెలుగు పలుకుచు బడిలో తమిళము చదువు మన పిల్లలకు ‘ఆజాద్’ పులియకుళమున తయారైనదనిన, ఫోను తెరచి చూచి, బాలీవుడ్ అని యున్నదే తాతా అందురు.