గున్నమ్మ అడ్డం నిలిచిన దారి

1940 ఏప్రిల్ 1, సోమవారం. మందస జమీందారీలోని గుడారి రాజమణిపురం వీధిలో ఉన్నారు మీరు. పడమట మహేంద్రగిరి కొండల వరస. తూర్పున సముద్రం దాకా ఉద్దానం తోటలు, జీడిమామిడి కాపుకొచ్చే రోజులు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

ఇళ్ళ ముంగిళ్ళు చూడండి. చూరు కింద కట్టెల మోపు, గోడవారన బండి ఇరుసు, విస్తళ్ళు కుట్టడానికి ఆరేసిన అడ్డాకులు. ఓ నాగలి దగ్గర కాస్త ఆగండి. కర్రు ఒక్కటే ఇనుము, మిగతాదంతా కొండ ఇచ్చిన కర్ర. మేడి విరిగితే దుక్కి ఆగిపోతుంది. దుక్కి ఆగితే ఆ ఏడు ఇంటిల్లిపాదికీ పస్తే. ఆ కర్ర మీద చెయ్యి వెయ్యకూడదంటున్నాడు జమీందారు. శిస్తు కట్టించుకుంటాడు, వెట్టి చేయించుకుంటాడు, పుల్ల విరిస్తే మాత్రం దొంగతనమంటాడు. మనిషిని కొని అమ్మే సంత ఈ వీధిలో లేదు. కానీ పొయ్యిలోకి పుల్ల కూడా ఒకరి దయ మీద తెచ్చుకోవలసిన బతుకును బానిసత్వం అనక ఇంకేమంటాం?

కొద్ది రోజుల కిందటే, మార్చి నెలలో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన రైతు నాయకుల మాటలు ఈ పల్లెల చెవిన పడ్డాయి. మందస రైతులు జట్టుగా కొండెక్కారు, కలప కొట్టారు, బాహాటంగా ఊళ్ళోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు పోలీసులు దిగారు. రైతుల్ని పట్టుకుని తీసుకుపోతున్నారు.

ఆడవాళ్ళు ఇళ్ళలోంచి బయటికొచ్చేశారు. ముందున్నది సాసుమాన గున్నమ్మ. కడుపుతో ఉందని ఈ చుట్టుపక్కల పల్లెలు నేటికీ చెప్పుకుంటాయి. పట్టుకున్నవాళ్ళను వదిలితేగాని కదలనివ్వమంటూ పోలీసుల దారికి అడ్డం నిలబడింది. వెనకాల ఊరంతా ఉంది.

ఈ ఘట్టం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఎలైజా గుర్తొస్తుంది. 1852లో హారియట్ బీచర్ స్టో రాసిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవలలోని తల్లి. కొడుకు హ్యారీని యజమాని అమ్మేశాడని తెలిసి, బిడ్డను చంకనేసుకుని రాత్రికి రాత్రే బయల్దేరుతుంది. వెంట బానిసల వర్తకుడు తరుముకొస్తుంటే, ఒహాయో నది మీద తేలే మంచుగడ్డల మీంచి దూకుతూ అవతలికి చేరుతుంది. అవతల బానిసత్వం లేని రాష్ట్రం. పారిపోయినవాళ్ళను అక్కడ కూడా పట్టుకోవచ్చని 1850లోనే చట్టం చేశారు, అయినా ఆ గట్టు ఆమెకు ఓ ఆశ. గున్నమ్మకు అలాంటి గట్టేదీ? మందస దాటి టెక్కలి వెళ్ళినా అక్కడా జమీందారీయే. పొలం వదిలి, కొండ వదిలి, పట్టుబడ్డవాళ్ళను వదిలి ఆమె ఎక్కడికి పోతుంది? అందుకే నిలబడింది. ఎలైజా పరుగు ఎంత గొప్పదో ఈ నిలబడటమూ అంత గొప్పదని నా నమ్మకం.

తుపాకులు పేలాయి. గున్నమ్మ అక్కడే ఒరిగిపోయింది. ఆమెతో పాటు మరికొందరు రైతులూ ప్రాణాలు వదిలారు. కలప కోసం వచ్చిన చావులివి, అది మనం మరవకూడదు. నాగలి మేడి కోసం, పొయ్యిలో కట్టె కోసం.

జమీందారీల రద్దు చట్టం మద్రాసు శాసనసభలో 1948లో వచ్చింది. రెండేళ్ళకు, 1950లో, మందస ఉన్న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. ఈ ప్రాంతం ఆమెను వీర గున్నమ్మ అని పిలుచుకుంటుంది, ఏటా ఏప్రిల్ 1న తలుచుకుంటుంది.

ఆ తలుచుకోవడం మందస పొలిమేర దగ్గరే ఆగిపోతోంది. మంచు నది దాటిన ఎలైజా కథను పిల్లలకు చెప్పే అమ్మానాన్నలూ, పంతుళ్ళూ, ఆ పక్కనే గుడారి రాజమణిపురం గున్నమ్మ కథ కూడా చెప్పండి. ఊరి పేరుతో, తేదీతో సహా చెప్పండి.