ఆయిలు నిలబెట్టలేకపోయిన ఇల్లు

తెలుగు పల్లెల్లో ఎర్ర మహీంద్రా ట్రాక్టరును ఎరగని రైతు లేడు. దాని పుట్టిల్లు అమెరికాలో ఉందని, ఆ ఇంటి పేరు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అని ఎరిగినవాళ్లు మాత్రం తక్కువ. 1963లో మహీంద్రాతోనూ వోల్టాస్‌తోనూ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియాను నెలకొల్పి, బి-275 ట్రాక్టరును మన పొలాల్లోకి దింపింది ఆ ఇంటివాళ్లే. 1831లో వర్జీనియాలో సైరస్ మెకార్మిక్ గుర్రాలు లాగే కోతయంత్రాన్ని నలుగురి ముందు నడిపి చూపించాడు. ఆ వంశం అక్కడ మొదలైంది. 1902లో అతని వారసుల కంపెనీ, దానితో పోటీపడ్డ కంపెనీలు ఒక్కటై ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌గా మారాయి. 1907 నుంచి ఆ పేరుతో మోటారు బళ్లు రోడ్డెక్కాయి. అమెరికా రైతు పొలం దున్నినా, పంట కోసినా, ధాన్యం అంగడికి తోలినా ఆ పేరు మీదే.

అంత పెద్ద ఇల్లు కూలింది. ఒక్క దెబ్బకు కూలలేదు. 1979 చివర మొదలైన సమ్మె దాదాపు ఆరు నెలలు సాగింది. దాని వెనకాలే అప్పులు పెరిగాయి, వ్యవసాయం పడిపోయింది. చివరికి 1985లో ట్రాక్టర్ల వ్యాపారాన్ని టెన్నెకో కంపెనీకి అమ్ముకున్నారు. పుట్టిన పొలాన్నే అమ్ముకున్నట్టయింది. మరుసటి ఏడాది కంపెనీ పేరు కూడా మారి నావిస్టార్ అయింది. చేతిలో మిగిలినవి లారీలు, డీజిల్ ఇంజన్లు. ఆ ఇంజన్లతోనే మళ్లీ లేచి నిలబడింది కూడా. ఫోర్డ్ కంపెనీ తన పికప్ ట్రక్కులకు 1983 మోడల్ నుంచి వీళ్ల డీజిల్ ఇంజనే పెట్టుకుంది. 1994లో వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ ఇంజన్‌నైతే నేటికీ అక్కడి డ్రైవర్లు ప్రేమగా తలుచుకుంటారు. మొరటుది, చప్పుడెక్కువ. అయినా లక్షల మైళ్లు తిరిగి కూడా మొరాయించనిది.

ఆ మంచి ఇంజన్ 2003తో ఆగిపోయింది. పొగ నిబంధనలు బిగిశాయి. దాని చోట 6.0 లీటర్ల కొత్త ఇంజన్ వచ్చింది. వి-8, 325 గుర్రాల బలం, పాతదానికంటే చిన్నది, చురుకైనది. దాని కథ తెలుసుకుంటే, లారీ ఉన్న ప్రతివాడినీ ఏదో ఒక రోజు వేధించే ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. మామూలు ఇంజన్ ఆయిల్ చాలా, రెట్టింపు ధర పెట్టి సింథటిక్ పొయ్యాలా?

ఈ ఇంజన్‌లో ఆ ప్రశ్న మామూలు బళ్లలో ఉన్నంత తేలిక కాదు. మామూలు డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ చేసే పని మనకు తెలిసిందే. బేరింగులకూ క్రాంక్ షాఫ్ట్‌కూ మధ్య పొరగా నిలవాలి, పిస్టన్ వేడిని మోసుకుపోవాలి, మసిని తనలో పట్టి ఉంచుకోవాలి. 6.0లో ఇవన్నీ చేస్తూనే ఇంకో పని కూడా చెయ్యాలి. డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మేది కూడా ఆయిలే. ఒక పంపు ఇంజన్ ఆయిల్‌ను చదరపు అంగుళానికి వేల పౌన్ల ఒత్తిడికి ఎక్కిస్తుంది. ఆ ఒత్తిడి ఇంజెక్టర్ లోపలి చిన్న పిస్టన్‌ను తోస్తే, అది డీజిల్‌ను ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడితో నొక్కి చిమ్ముతుంది. ఆయిల్ ఒత్తిడి కనీసం 500 పౌన్లకు చేరకపోతే ఇంజన్ స్టార్టే కాదు. 7.3లోనూ ఇదే పద్ధతి. కానీ కొత్త ఇంజెక్టర్లో ఆయిల్‌కు దారి తెరిచి మూసేది స్పూల్ వాల్వ్ అనే చిన్న ముక్క. రెండు వైపులా ఉన్న కాయిల్స్ 48 వోల్టుల కరెంటుతో దాన్ని అటూ ఇటూ లాగుతుంటాయి. అది కదిలే సందు చాలా సన్నం. ఆ సందులో ఆయిల్ కాలి, జిగురు పొరగా పేరుకుంటే స్పూల్ పట్టేస్తుంది. అక్కడి మెకానిక్కులు ఈ జబ్బును స్టిక్షన్ అన్నారు.

చలికాలం తెల్లవారుజామున మంచు కప్పుకున్న పికప్‌ను స్టార్టు చేస్తే ఎనిమిది సిలిండర్లలో ఆరో, అయిదో మాత్రమే పలికేవి. ఇంజన్ తడబడుతుంది, తెల్లపొగ కక్కుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. బండి ముసలిదై ఇలా చేస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. ఇవి కొత్త బళ్లు! వాటి మీద బతుకు కట్టుకున్నవాళ్లు ఎవరంటే పశువుల ట్రైలర్లు లాగే రైతులు, ఇళ్లు కట్టే మేస్త్రులు, గుర్రాలను తరలించేవాళ్లు, అంబులెన్సులు నడిపేవాళ్లు.

ఇక్కడే సింథటిక్ ఆయిల్ తన విలువ చూపించింది. మామూలు ఆయిల్ ముడిచమురు నుంచి తీసింది. శుద్ధి చేసినా అందులో రకరకాల అణువులు, కొంచెం మైనం మిగులుతాయి. చలికి చిక్కబడుతుంది, విపరీతమైన వేడికి ఆక్సిజన్‌తో కలిసి జిగురవుతుంది. రసాయనికంగా తయారుచేసిన సింథటిక్ ఆయిల్‌లో అణువులు దాదాపు ఒకే తీరున ఉంటాయి కాబట్టి చలిలో పారుతుంది, వేడికి నిలుస్తుంది. 15డబ్ల్యూ-40 మామూలు ఆయిల్ తీసి 5డబ్ల్యూ-40 సింథటిక్ పోసిన బళ్లు చాలావరకు చలి పొద్దుల్లో సాఫీగా పలికాయి. ఇది ప్రచారం మాట కాదు. ఆ ఇంజన్ కట్టిన తీరే అలాంటిది. ఆ ఇంజన్‌లో ఆయిల్ మరో దెబ్బ కూడా తినేది. ఆ ఒత్తిడిలో సన్నటి దారుల గుండా పదే పదే దూరడం వల్ల, చిక్కదనం కోసం కలిపే పాలిమర్లు తెగిపోయి ఆయిల్ పలచబడేది. అందుకే బరువులు లాగే బండికి 5,000 మైళ్లకు, అంటే 8,000 కిలోమీటర్లకు, ఆయిల్ మార్చమని పుస్తకంలో రాశారు. ఒక్కసారి మారిస్తే 14 లీటర్లకు పైనే. ఖరీదైన ఆయిల్ పోశాం కదా అని 15,000 మైళ్లు లాగినవాళ్లు ఇంజెక్టర్లతో మూల్యం కట్టాల్సి వచ్చింది. అవి ఒకటి కాదు, ఎనిమిది.

కాబట్టి 6.0కు సింథటిక్ డబ్బు దండగ కాదు. అయినా కథ అక్కడ ఆగలేదు. అసలు జబ్బు ఇంజెక్టర్లలో లేదు.

ఇంజన్ రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, చేతికి అందనిచోట ఆయిల్ కూలర్ ఉంది. అందులో రేడియేటర్ నీళ్లు పారే దారులు బాగా ఇరుకు. ఇంజన్ బ్లాకు పోతపోసినప్పుడు మిగిలిన ఇసుక రేణువులు, కూలెంట్ నుంచి పేరుకున్న మడ్డి ఆ ఇరుకులో చేరి దారి మూసేసేవి. ఆయిల్ చల్లబడదు. అంతకంటే ఘోరం, అదే నీళ్లు ఆ తర్వాత పోవాల్సింది ఈజీఆర్ కూలర్‌లోకి. సిలిండర్ నుంచి వెళ్లే పొగలో కొంత వెనక్కి తిప్పి, చల్లార్చి, మళ్లీ ఇంజన్‌కు తాగించే పరికరం అది. పొగ నిబంధనల కోసం తగిలించింది. నీళ్లు తగ్గితే ఎర్రగా కాలే పొగ ఆ కూలర్‌ను చీల్చేస్తుంది. నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి, ఆవిరవుతాయి. సిలిండర్ హెడ్‌ను ఎత్తేసేంత ఒత్తిడి పుడుతుంది. పాత 7.3లో ఒక్కో సిలిండర్ చుట్టూ ఆరేసి బోల్టులు హెడ్‌ను పట్టి ఉంచేవి. ఇందులో నాలుగే. బోల్టులు సాగాయి, హెడ్ గ్యాస్కెట్లు పోయాయి. వాటిని మార్చడానికి చాలా షెడ్లలో క్యాబిన్ మొత్తాన్ని ఛాసిస్ మీది నుంచి పైకెత్తాల్సి వచ్చేది. గాల్లో వేలాడే క్యాబిన్, కింద తెరిచిపెట్టిన ఇంజన్. ఆ బండి మీద వాయిదాలు కట్టేవాడికి అది ఎలాంటి దృశ్యమో లారీ ఉన్న ఏ తెలుగువాడికైనా చెప్పక్కర్లేదు.

ఈ గొలుసులో ఏ లంకెనైనా ఆయిల్ తెంపగలిగిందా? లేదు. ఎంత మంచి సింథటిక్ పోసినా నీళ్ల దారిలోని ఇసుక కరగదు, సాగిన బోల్టు బిగియదు. చాలామంది యజమానులు ఈ ఆశతోనే ఖరీదైన డబ్బాలు కొన్నారు. కొన్నాళ్లు ఇంజన్ మెత్తగా పలకడం చూసి గండం గడిచిందనుకున్నారు. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. వాళ్లు బద్ధకస్తులు కారు, పిసినారులూ కారు. తమ చేతిలో ఉన్న ఒక్క జాగ్రత్తనూ తీసుకున్నారు. తప్పు వాళ్ల చేయి చేరని చోట, ఇంజన్ గీసిన కాగితం మీద జరిగిపోయింది. చివరికి ఆ ఇంజన్‌ను బతికించింది కొత్త ఆయిల్ కూలర్, గట్టి ఈజీఆర్ కూలర్, బోల్టుల బదులు బిగించిన స్టడ్లు. అంత ఖర్చు పెట్టగలిగినవాళ్ల బళ్లు నేటికీ తిరుగుతున్నాయి. మిగతావాళ్లు అయినకాడికి అమ్ముకున్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఫోర్డ్‌కూ నావిస్టార్‌కూ మధ్య వారంటీ ఖర్చు ఎవరు భరించాలన్న తగువు మొదలైంది. 2007 జనవరిలో ఫోర్డ్ కోర్టుకెక్కింది. నావిస్టార్ కొన్నాళ్లు ఇంజన్లు ఇవ్వడం ఆపేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, లెక్కలు వేళకు దాఖలు చెయ్యలేక న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి జాబితా నుంచి కూడా పోయింది. 2009 జనవరిలో ఇద్దరూ రాజీపడ్డారు. ఆ రాజీలోనే విడాకులు కూడా ఉన్నాయి. ఇంచుమించు మూడు దశాబ్దాల పొత్తు తెగింది. ఫోర్డ్ సొంతంగా 6.7 లీటర్ల ఇంజన్ కట్టుకుంది. ఇండియానాపోలిస్‌లో నావిస్టార్ ఇంజన్ ఫ్యాక్టరీ 2009లోనే మూతపడింది.

ఇంత జరిగాక కూడా ఆ ఇల్లు నేర్చుకోలేదు. 2010లో అమెరికా లారీల నైట్రోజన్ ఆక్సైడ్లకు ఇంకా కఠినమైన హద్దు వచ్చింది. మిగతా లారీ కంపెనీలన్నీ పొగగొట్టంలో యూరియా ద్రవం చల్లే పద్ధతికి మారాయి. నేడు మన బీఎస్-6 లారీల్లో పోసేదీ ఆ ద్రవమే. నావిస్టార్ ఒక్కటే పంతం పట్టి, ఈజీఆర్‌తోనే నెగ్గుకొస్తానంది. పొగను ఇంకా ఎక్కువగా వెనక్కి తిప్పితే ఇంజన్‌లో వేడి, మసి పెరుగుతాయి. ఆ మసిని మోయాల్సింది మళ్లీ ఆయిలే. మాక్స్‌ఫోర్స్ పేరుతో వచ్చిన ఆ పెద్ద ఇంజన్లు హద్దును అందుకోలేదు, రోడ్డు మీదా నిలవలేదు. ఆ లారీలు కొన్న చిన్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలు కొన్ని వాటితోపాటే మునిగాయి. 2012 జులైలో కంపెనీ తలవంచి యూరియా పద్ధతికి ఒప్పుకుంది. ఆగస్టులో అధిపతి డేనియల్ ఉస్తియన్ తప్పుకున్నాడు. ఆ ఆర్థిక సంవత్సరం నష్టం సుమారు 300 కోట్ల డాలర్లు. మాక్స్‌ఫోర్స్ లారీల యజమానులు వేసిన దావాకు 2019లో 13.5 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. బళ్లు పోయి, కిరాయిలు పోయి, పరువు పోయినవాళ్లకు అది ఏ మూలకు?

ఆ పతనపు ప్రకంపన మన దగ్గరికీ వచ్చింది. 2005లో మహీంద్రాతో మళ్లీ జతకట్టి నావిస్టార్ ఇక్కడ లారీలు తయారుచేసింది. చకన్‌లో తయారైన మహీంద్రా నావిస్టార్ లారీలు మన హైవేల మీదా తిరిగాయి. ఆ ఇంజన్ వేరు, అమెరికా ఇంజన్ జబ్బులను దానికి అంటగట్టడం అన్యాయం. కానీ పుట్టింట్లో అప్పులు పెరిగాక నావిస్టార్ ఇక్కడి వాటాను 2012 చివర్లో మహీంద్రాకే అమ్మడానికి ఒప్పుకుంది. 1963లో ట్రాక్టరు తెచ్చిన చేతులు అర్ధశతాబ్దానికి ఖాళీగా వెనుదిరిగాయి. 2021 జులై 1న ఫోక్స్‌వ్యాగన్ బృందంలోని ట్రాటన్ కంపెనీ నావిస్టార్‌లో అప్పటికి తనది కాని మిగతా వాటానంతా 370 కోట్ల డాలర్లకు కొనేసింది. 2024లో నావిస్టార్ అన్న పేరూ పోయి ఇంటర్నేషనల్ అన్న పాత పేరే మిగిలింది. యజమాని మాత్రం జర్మనీవాడు.

ఇక మన లారీ ఓనర్లకు నేను చెప్పగలిగింది ఇది. ఇప్పటి మన లారీల్లో ఇంజెక్టర్లను నడిపేది ఆయిల్ కాదు, డీజిలే. మన వైపు గడ్డకట్టే చలి లేదు. కాబట్టి 6.0 యజమానికి సింథటిక్ ఎంత అవసరమో మీకు అంత అవసరం లేదు. కంపెనీ పుస్తకం ఒప్పుకున్న 15డబ్ల్యూ-40, సీలున్న అసలు డబ్బాది, వేళకు ఫిల్టరుతో సహా మారిస్తే మన ఎండల్లో ఇంజన్‌కు లోటు రాదు. లడఖ్ కిరాయిలకు పోయే బండికీ, ఏడాది పొడవునా ఆగకుండా తిరిగే బండికి ఆయిల్ మార్పుల మధ్య ఎక్కువ కిలోమీటర్లను కంపెనీయే రాతపూర్వకంగా ఒప్పుకుంటే దానికీ సింథటిక్ పొయ్యండి, ఆ డబ్బు తిరిగొస్తుంది. బీఎస్-6 బండికైతే తక్కువ బూడిద మిగిల్చే గ్రేడు తప్పనిసరి. అందులో ఖరీదు చూడకండి, లేకపోతే పొగ ఫిల్టరు మూసుకుపోతుంది. బండి వేడెక్కుతున్నా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నా, గేజి పుల్ల మీద ఆయిల్ పాలవిరుగుడులా తెల్లగా కనిపించినా ఖరీదైన ఆయిల్ కోసం దుకాణానికి పోవద్దు. బండి ఆపి, నీళ్ల దారి తెరిచి చూడగల మెకానిక్ దగ్గరికి పోండి.