హిమాలయ హిమం – గొల్లపల్లి వాన

తెలుగులో మంచు అనే ఒక్క మాటకు అర్థాలు పెక్కు కలవు. మార్గశిర మాసంలో తెల్లవారుజామున జొన్న ఆకుల మీద నిలిచే నీటిబొట్లు మంచే. దారి కనబడకుండా కమ్ముకొనే పొగ కూడా మంచే. హిమాలయ శిఖరాల మీద దూదిపింజల వలె రాలి, బారెడెత్తు పేరుకొనేదీ మంచే. మొదటి రెండూ మనకు తెలిసినవి. మూడవదానిని పటాలలోను, సినిమాలలోను మాత్రమే చూచినవారు మనలో ఎక్కువమంది. తికమక లేకుండా ఉండడానికి దీనిని హిమమని వ్యవహరించడం మంచిది.

జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లిలో హిమం కురవదు. ఎందుకు కురవదో తెలుసుకోవడం కష్టం కాదు. నేల నుండి పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. ఆ తగ్గుదల సగటున కిలోమీటరుకు ఆరున్నర సెంటిగ్రేడు డిగ్రీలు. తెలంగాణ మీద ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు దిగేది సుమారు 4 నుండి 5 కిలోమీటర్ల ఎత్తున. అంతకంటె పైకి ఎదిగిన మేఘాలలో హిమరేణువులు పుట్టకపోవు. కాని అవి నేలకు చేరేలోగానే కరిగి వానచినుకులవుతాయి. ఉరుముల మేఘంలో పొరలు పొరలుగా గడ్డకట్టి, గోలీలంత పెరిగిన రాళ్ళు మాత్రమే పూర్తిగా కరగకముందే నేలను తాకుతాయి. అదే రాళ్ళవాన. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి, హిమం కనబడుతుందేమోనన్న ఆశతో చలికాలంలో ఎందరో పోతారు. సుమారు వేయి మీటర్ల ఎత్తున్న ఆ చోట కూడా వారికి కనబడేది పొగమంచు. మరీ చలి ముదిరిన రోజున గడ్డిపరకల మీద గడ్డకట్టిన మంచుబిందువులు.

అయినప్పటికి, గొల్లపల్లి చెరువు నిండడానికీ, ఎంతో దూరంలో కొండల మీద కురిసే హిమానికీ ఏమైనా సంబంధం ఉన్నదా? ఈ ప్రశ్నను వాతావరణ శాస్త్రజ్ఞులు నూట నలభై ఏండ్లుగా అడుగుతూనే ఉన్నారు. దాని పుట్టుక ఒక కరువులో ఉన్నది.

ధాత కరువు

1876లో దక్కను పీఠభూమి మీద వానలు తప్పిపోయినవి. అది ధాత నామ సంవత్సరం. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు, మైసూరు, బొంబాయి రాజధాని, హైదరాబాదు సంస్థానం కరువు పాలయినవి. మరుసటి సంవత్సరం ఉత్తర భారతంలో కూడా వానలు సన్నగిల్లినవి. 1878 వరకు సాగిన ఆ కరువులో యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. ధాత కరువన్న పేరు తెలుగువారి నోట తరతరాలు నిలిచింది.

భారత వాతావరణ శాఖ అంతకు ఒక సంవత్సరం ముందే, అనగా 1875లో, ఏర్పడినది. దానికి అధిపతిగా వచ్చినవారు హెన్రీ బ్లాన్‌ఫర్డు. వాన తప్పుతుందని ముందుగా తెలిస్తే ధాన్యం నిలువ చేయవచ్చు, ప్రాణాలు కొన్ని కాపాడవచ్చు. కాని రేపటి వానను కాదు, రాబోయే నాలుగు నెలల వానను ముందుగా చెప్పడం ఎట్లా?

బ్లాన్‌ఫర్డు దృష్టి హిమాలయాల మీదికి పోయింది. కొండ ప్రాంతాల నుండి వచ్చే నివేదికలలో ఆయన ఒక విషయం గమనించారు. వాయవ్య హిమాలయాల మీద వసంతకాలం చివర, కాలం కాని కాలంలో, హిమం విస్తారంగా కురిసిన ఏండ్లలో వాయవ్య, పశ్చిమ భారతంలో పొడిగాలులు చాలాకాలం వీస్తున్నవి, వాన ఆలస్యమవుతున్నది. 1884లో ఈ సంగతిని లండన్‌లోని రాయల్ సొసైటీకి వ్యాసరూపంలో సమర్పించారు. 1882 నుండి 1885 వరకు ప్రయోగాత్మకంగా అంచనాలు వేసి చూచి, 1886 జూన్ 4న ఋతుపవనాల మీద మొదటి అధికార అంచనాను వెలువరించారు. ఒక పూర్తి ఋతువు వానను శాస్త్రాధారంతో ముందుగా చెప్పడానికి ప్రపంచంలో జరిగిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

హిమం వానను ఎట్లా ఆపగలదు?

ఋతుపవనాలు నేలకూ సముద్రానికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదం వలన బలపడతాయి. వేసవిలో నేల బాగా కాగితే దానిపై గాలి తేలికపడి పైకి లేస్తుంది. సముద్రం మీది తేమగాలి ఆ స్థానానికి వస్తుంది. ఇప్పుడు నేల మీద హిమం పరచి ఉన్నదనుకొందాం. కొత్తగా కురిసిన హిమం తనపై పడిన ఎండలో నూటికి 80 వంతులకు పైగా తిప్పికొడుతుంది. మిగిలిన వేడి కూడా నేలను కాచడానికి దక్కదు. సున్న డిగ్రీల వద్ద ఒక గ్రాము మంచు కరగడానికే 80 కెలోరీల వేడి కావలె. అదే వేడితో ఒక గ్రాము నీటిని సున్న నుండి 80 డిగ్రీల వరకు కాచవచ్చును. హిమం కరిగిన తరువాత నేల తడిగా ఉంటుంది. ఆ తడి ఆరడానికి మరికొంత వేడి ఖర్చవుతుంది. కనుక హిమం ఎక్కువైన ఏడు పీఠభూమి ఆలస్యంగా కాగుతుంది. ఋతుపవనం బలహీనపడవచ్చును.

ఈ హిమాన్ని తెచ్చేవి మధ్యధరా సముద్ర ప్రాంతం నుండి తూర్పునకు ప్రయాణించే అల్పపీడనాలు. వీటిని పశ్చిమ కల్లోలాలు అంటారు. డిసెంబరు మొదలు మార్చి వరకు ఇవి ఒకదాని వెనుక ఒకటి వచ్చి హిమాలయాలను తాకుతాయి. ఉత్తరాదిన గోధుమ పైరుకు ఈ వానే ఆధారం. వీటితో వచ్చే పై గాలుల ద్రోణి కొన్ని సమయాలలో మధ్య భారతం వరకు దిగుతుంది. అప్పుడు బంగాళాఖాతం నుండి వచ్చే తేమగాలి దానికి తోడైతే, తెలంగాణలో ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఉరుములతో రాళ్ళవాన కురవవచ్చు. జగిత్యాల ప్రాంతంలో మామిడి పిందె దశలో ఉండే కాలమది. అందుచేత హిమాలయాల వైపు సాగే కల్లోలం ఎక్కడి వరకు వచ్చిందో తెలుసుకోవడం మన తోటల రైతుకు కూడా అవసరమే.

నమ్మకం, ఎదురుదెబ్బ

బ్లాన్‌ఫర్డు తరువాత 1889లో జాన్ ఎలియట్ శాఖాధిపతి అయినారు. హిమంతోపాటు దేశంలోని వేసవి పరిస్థితులను, హిందూ మహాసముద్రం మీది గాలులను కూడా ఆయన లెక్కలోకి తీసుకొన్నారు. అంచనాలు పేజీల కొద్దీ పెరిగినవి. కాని 1899లో వానలు బాగుంటాయని చెప్పగా, ఆ ఏడే ఘోరమైన అనావృష్టి వచ్చింది. పశ్చిమ, మధ్య భారతంలో, హైదరాబాదు సంస్థానంలో సైతం, మరల కరువు. పత్రికలు తీవ్రంగా విమర్శించినవి. తరువాత కొన్నేండ్లు అంచనాలను ప్రజలకు వెల్లడించకుండా ప్రభుత్వంలోనే గుప్తంగా ఉంచారు.

1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో చదివిన గణితవేత్త. ఆయన ఊహలను పక్కనపెట్టి అంకెలను అడిగారు. హిమం, వాన – ఈ రెండు వరుసల అంకెలు కలిసి పెరుగుతున్నవా, ఎదురు ఎదురుగా పోతున్నవా, అసలు సంబంధమే లేదా అని గణించారు. 1910 ప్రాంతంలో ఆయన వాడిన సూత్రంలో హిమాలయ హిమంతోపాటు మారిషస్‌లోను, దక్షిణ అమెరికాలోను వాయుపీడనం, జాంజిబారులో వర్షపాతం కూడా చేరినవి. ఈ వెదకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల పీడనాలు త్రాసు తట్టల వలె ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతున్నవని ఆయన కనుగొన్నారు. దీనికి దక్షిణ డోలనమని పేరు. 1969లో జాకబ్ బ్యర్క్‌నెస్ దీనిని ఎల్ నినోతో ముడివేశారు. హిమాన్ని వెదకబోగా సముద్రం దొరికింది.

హిమానికీ వానకూ ఉన్న సంబంధం మాత్రం తరువాతి దశాబ్దాలలో నిలకడగా నిలువలేదు. దానికి మరల ప్రాణం పోసినవి రెండు పరిశోధనలు. తెలుగు శాస్త్రజ్ఞుడు పంచేటి కోటేశ్వరం 1958లో, ఋతుపవన కాలంలో దక్షిణ భారతం మీద ఎంతో ఎత్తున తూర్పు నుండి పడమరకు మహావేగంతో వీచే గాలిప్రవాహాన్ని వర్ణించారు. వేసవిలో టిబెట్టు పీఠభూమి కాగడంతో దానికి సంబంధం కలదని వివరించారు. ఆయన 1969 నుండి 1975 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్నారు. ఇక 1976లో హాన్, శుక్లా అనే శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, చలికాలంలో యూరప్, ఆసియా ఖండాల మీద హిమం విస్తరించిన ఏడు భారతదేశంలో వాన తగ్గుతున్నట్లు చూపించారు. 1988 నుండి వాతావరణ శాఖ వాడిన పదహారు అంశాల సూత్రంలో హిమాలయ హిమానికీ, యూరప్–ఆసియాల హిమానికీ చోటు దొరికింది.

ఆ సూత్రానికి కూడా పరీక్ష ఎదురయింది. 2002లో వాన సాధారణంగా ఉంటుందన్నారు. జూలైలో దేశమంతటా కురవవలసిన వానలో దాదాపు సగమే కురిసింది. ఋతువు మొత్తానికి నూటికి 19 వంతుల లోటు. శాఖ తన తప్పును పరిశీలించి, మరుసటి ఏడే సూత్రాన్ని మార్చింది.

నేటి స్థితి

నేడు సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి గణించే యంత్రగణిత నమూనాలు ప్రధానమైనవి. అయినా హిమాన్ని గమనించడం మానలేదు. 2024 ఏప్రిల్‌లో వాతావరణ శాఖ, ఉత్తరార్ధగోళంలో జనవరి నుండి మార్చి వరకు హిమం సాధారణం కంటె తక్కువగా ఉన్నదని, అది వానకు అనుకూలమని తెలిపింది. సాధారణంలో నూటికి 106 వంతుల వాన అంచనా వేయగా, సుమారు 108 వంతులు కురిసింది. దీనిని బట్టి బ్లాన్‌ఫర్డు మాట నిజమయిందని అనవచ్చునా? అనరాదు. ఆ ఏడు పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో సమసిపోవడం కూడా వానకు అనుకూలించింది. రెండు కారణాలు ఒకేసారి ఉన్నప్పుడు ఒకదానికే కీర్తి కట్టబెట్టడం శాస్త్రం కాదు. పైగా దేశం మొత్తానికి చెప్పిన అంచనా ఒక్కొక్క మండలానికి వర్తించదు. దేశంలో వాన బాగున్న ఏడు కూడా గొల్లపల్లిలో మృగశిర కార్తెలో వేసిన పత్తి విత్తు ఎండిపోవచ్చును.

ఈ చరిత్రను ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదలిస్తే ఒక పని చేయించవచ్చు. ఏప్రిల్‌లో వెలువడే అంచనాను విద్యార్థులు నోటుపుస్తకంలో వ్రాసుకోవలె. జూన్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు బడి ఆవరణలోని వానమాపకంలో పడిన నీటిని ప్రతి ఉదయం 8-30 గంటలకు కొలిచి పక్కన వ్రాయవలె. తమ మండలంలోని స్వయంచాలక వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చవలె. ఒక్క ఏడుతో ఏమీ తేలదు. పదేండ్ల పుస్తకాలు ఒకచోట చేరినప్పుడు, వాకర్ కూర్చొన్న బల్ల దగ్గర ఆ బడి విద్యార్థులు కూడా కూర్చొన్నట్లే.