నూజివీడు పురపాలక కౌన్సిలర్: ఎన్నిక, జవాబుదారీ చరిత్ర

నూజివీడు పురపాలక సంఘంలో ఒక్కో వార్డు ఓటర్లు ఐదేళ్లకోసారి ఎన్నుకునే ప్రతినిధిని కౌన్సిలర్ అంటారు. ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. 2011 లెక్కల ప్రకారం జనాభా 58,590. 2021 ఎన్నికల నాటికి వార్డులు 32. అంటే సగటున వార్డుకు పద్దెనిమిది వందల మంది, అందులో ఓటున్నవాళ్లు ఇంకా తక్కువ. నూజివీడు శాసనసభ్యుడు రెండు లక్షలకు పైగా ఓటర్లకు ప్రతినిధి. వాళ్లలో చాలామంది ఆయన్ను ఎన్నికలప్పుడు జీపు మీద చూడటమే. కౌన్సిలర్ మాత్రం అదే వీధి మనిషి. కాల్వ పొంగితే పొద్దున్నే ఆ ఇంటి తలుపు తట్టవచ్చు. ప్రజాస్వామ్యంలో ఓటరుకూ ప్రతినిధికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న పదవి పట్టణాల్లో ఇంకొకటి లేదు. అయినా కౌన్సిలర్‌ను నిలదీసి పని చేయించుకోవడం మన పట్టణాల్లో ఎందుకింత కష్టమైందన్నదే ఈ పదవి చరిత్రలోని అసలు ప్రశ్న. మనుషులు మంచివాళ్లు కాకపోవడమే కారణమని సాధారణంగా చెబుతారు. చరిత్ర చూస్తే వేరే రెండు కారణాలు ముందుకొస్తాయి. ఎన్నిక గడువుకు జరగదు. నిర్ణయం వార్డు దగ్గర ఉండదు.

చుట్టుపక్కల పాత పట్టణాలతో పోలిస్తే నూజివీడుకు పురపాలన ఆలస్యంగా వచ్చింది. ఏలూరు, మచిలీపట్నం 1866లోనే మున్సిపాలిటీలయ్యాయి. బెజవాడ 1888లో అయింది. నూజివీడు జమీందారీ ఊరు. మేకా వారి సంస్థానం ఇక్కడి తోటలనూ చెరువులనూ ఊరి కట్టుబాట్లనూ చాలాకాలం నడిపింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయాక కూడా పట్టణం పురపాలక సంఘంగా ఏర్పడింది 1984లో. పాత మున్సిపాలిటీల్లో ఎన్నిక అంటే మొదట్లో పన్ను కట్టేవాళ్ల వ్యవహారమే. రిప్పన్ ప్రభువు 1882 తీర్మానం, దాని వెంట వచ్చిన 1884 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం ఎన్నికైన సభ్యుల వాటా పెంచాయి గానీ ఆస్తి లేనివాడికి ఓటు ఇవ్వలేదు. పన్నుకూ ప్రాతినిధ్యానికీ ముడి తెగితే ఏమవుతుందో కోస్తా జిల్లాల్లో అందరికంటే ముందు చూపించింది చీరాల. చీరాల-పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద వేలమంది ఇళ్లు వదిలి ఊరి పొలిమేర దాటారు. రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలల పాటు ఎండకూ వానకూ ఓర్చి ఉన్నారు. వాళ్లు వద్దన్నది పరిశుభ్రతను కాదు. తమను అడగకుండా తమ మీద వేసిన పన్నును వద్దన్నారు. నూరేళ్ల తర్వాత అదే ప్రశ్న నూజివీడు గడపల్లోకీ వచ్చింది. దాని సంగతి కింద వస్తుంది.

ఇప్పటి కౌన్సిలర్ పదవికి ఆధారం 1965 ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం. దాని మీద 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ కొత్త పునాది వేసింది. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. మున్సిపల్ ఎన్నికలు గుర్తుల మీదే జరుగుతాయి. ఈ ఒక్క తేడా కౌన్సిలర్ అభ్యర్థి ప్రచారాన్ని మొదటి రోజు నుంచే మలుస్తుంది. వార్డులో ఇల్లిల్లూ తిరగడానికి ముందు అతడు తిరగాల్సిన ఇల్లు ఇంకొకటుంది. పార్టీ గుర్తు దక్కించే బి-ఫారం ఇచ్చే నాయకుడి ఇల్లు అది. బి-ఫారం చేతికి రాకపోతే రెబల్‌గానో స్వతంత్రుడిగానో నిలబడాలి. అలా గెలిచేవాళ్లు లేకపోలేదు గానీ తక్కువే. ఛైర్‌పర్సన్‌ను 2000లో ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి కౌన్సిలర్లు చేతులెత్తి ఎన్నుకుంటున్నారు. ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్-అఫీషియో సభ్యులుగా ఆ ఎన్నికలో ఓటు వేస్తారు. 2021లో కడప జిల్లా మైదుకూరులో 24 వార్డులకు తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన ఒకటి గెలిచాయి. ఎక్స్-అఫీషియో ఓట్లు, కొందరి గైర్హాజరు కలిసి ఛైర్మన్ పదవి 11 వార్డులు గెలిచిన పక్షానికి వెళ్లింది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ తన వార్డు ఓటు ఊరి పెద్దను ఎలా నిర్ణయించిందో అక్కడి ఓటరుకు విప్పి చెప్పడం ఎవరికైనా కష్టమే.

గడువు సంగతికి వద్దాం. రాజ్యాంగం 243యు అధికరణం ప్రకారం కౌన్సిల్ ఆయుష్షు ఐదేళ్లు, అది తీరకముందే కొత్త ఎన్నిక జరగాలి. ఇది పాలకుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడే విషయం కాదని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లో గట్టిగా చెప్పింది. మన రాష్ట్రంలో జరిగింది చూడండి. 2005 సెప్టెంబరు ఎన్నికల్లో గెలిచిన కౌన్సిళ్ల గడువు 2010 సెప్టెంబరు చివరికి ముగిసింది. తర్వాతి పోలింగ్ 2014 మార్చి 30న జరిగింది. సాధారణ ఎన్నికల మీద ప్రభావం పడకూడదని లెక్కింపు మే 12 దాకా ఆగింది. కౌన్సిళ్లు కొలువుదీరింది జూలైలో. వాటి గడువు 2019 జూలైలో తీరితే, తర్వాతి ఎన్నిక 2021 మార్చి 10న. మొదటి ఖాళీ మూడేళ్ల తొమ్మిది నెలలు, రెండోది ఇరవై నెలలు. 2005 శరత్కాలం నుంచి 2021 మార్చి వరకు గడిచిన సుమారు పదిహేనున్నర ఏళ్లలో ఐదున్నర ఏళ్ల పాటు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులే మున్సిపాలిటీలు నడిపారు. అంటే మూడింట ఒక వంతుకు పైగా కాలం, కాల్వ పొంగితే తట్టడానికి కౌన్సిలర్ తలుపే లేదు. ప్రతినిధి మీద తీర్పు చెప్పే రోజు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఓటరు లెక్క రాసుకోవడం మానేస్తాడు, ప్రతినిధి లెక్క చెప్పడం మానేస్తాడు. ఇద్దరినీ సోమరులనడం తేలిక. ఆ సోమరితనాన్ని పెంచి పోషించిన క్యాలెండర్‌ను మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రత్యేకాధికారి ఉన్నప్పుడే పనులు త్వరగా జరిగాయని, కౌన్సిల్ ఉంటే ప్రతి తీర్మానానికీ వర్గాల గొడవేనని పట్టణాల్లో అనేవాళ్లున్నారు. ఈ మాటను కొట్టిపారేయలేం. ఒక్క సంతకంతో నిర్ణయమయ్యే చోట వేగం ఉంటుంది. అయితే ఆ వేగం ఎవరి కోసం, ఏ దిక్కుగా అన్నది అడిగే చోటు పోతుంది. దీనికి సాక్ష్యం 2020 నవంబరులోనే ఉంది. ఇంటి పన్నును వార్షిక అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కించేలా రాష్ట్ర ప్రభుత్వం చట్టం మార్చింది ఆ నెలలోనే. కేంద్రం అదనపు అప్పుకు పెట్టిన షరతుల్లో అదొకటి. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న కట్టడి తర్వాత వచ్చింది. పట్టణ ప్రజల మీద పడిన ఇంత పెద్ద మార్పు రాష్ట్రంలో దాదాపు ఎక్కడా ఎన్నికైన కౌన్సిల్ లేని కాలంలో జరిగింది. అజెండా కాగితం మీద దాన్ని చూసి, లేచి నిలబడి, మా వార్డులో పెంకుటిళ్లున్నాయి, రైతు కూలీలున్నారు అని చెప్పడానికి నూజివీడులో ఒక్క కౌన్సిలర్ కూడా లేడు. చీరాల పెద్దలు అడిగిన మాట అడగడానికి మనిషి లేని సమయం అది. నాలుగు నెలల తర్వాత గెలిచిన కొత్త కౌన్సిలర్లు తాము చేయని నిర్ణయానికి గడప గడపలో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

ఆ 2021 ఎన్నిక ప్రచారమే ఒక విచిత్రమైన ప్రచారం. నామినేషన్లు 2020 మార్చిలో పడ్డాయి. కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియను నిలిపివేసింది. ఏడాది తర్వాత ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది. నూజివీడులో మార్చి అంటే పూత రాలి పిందె నిలిచే కాలం. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టర్ మామిడి రకాల్లో ఏ తోటలో ఏది ఎంత నిలిచిందన్న లెక్కలు టీ కొట్ల దగ్గర ఓట్ల లెక్కలతో కలిసి నడుస్తాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల మీద బతికే వ్యాపారి, కమీషన్ మనిషి, కాయ కోసే కూలీ, గడ్డి పరిచి పెట్టెలు కట్టే మనిషి చాలామంది ఈ వార్డుల ఓటర్లే. అయినా మామిడి గురించి కౌన్సిలర్ ఇవ్వగల హామీ చాలా కొంచెం. మార్కెట్ యార్డు వ్యవసాయ మార్కెట్ కమిటీది, తోట పక్క మండలానిది, ధర వ్యాపారిది. కౌన్సిలర్ చేతిలో మిగిలేది సీజన్లో లారీలు తిరిగే రోడ్డు గుంటలు, మగ్గి పారేసిన కాయా తడిసిన గడ్డీ కలిసి కుళ్లిన కుప్పను తెల్లారేలోగా ఎత్తించడం, వీధి చివర లైటు. చిన్న సంగతుల్లా కనిపించవచ్చు. ఈగలు ముసిరే ఆ కుప్ప పక్కన ఇల్లున్నవాళ్లకు అవే పెద్ద సంగతులు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో సుమారు 62 శాతం మంది ఓటేశారు. పులివెందుల, పుంగనూరు, పిడుగురాళ్ల, మాచర్ల పట్టణాల్లో వార్డులన్నీ ఏకగ్రీవమై, ఓటరు చేతికి బ్యాలెట్ పత్రమే రాలేదు. ఏకగ్రీవం ఐకమత్యానికి గుర్తని వాదించేవాళ్లకు ఒక్కటే చెప్పాలి: ప్రచారంలో అభ్యర్థి నోటి నుంచి వచ్చే మాటే రేపు అతణ్ణి నిలదీయడానికి ఓటరుకు దొరికే ఆధారం. పోటీ లేని చోట ఆ మాట పుట్టదు.

గెలిచాక కౌన్సిలర్ అధికారం ఎంత? నెలకోసారి జరిగే సమావేశంలో అజెండా మీద మాట్లాడటం, తీర్మానానికి ఓటు వేయడం, బడ్జెట్ ఆమోదించడం. కమిషనర్ రాష్ట్ర ప్రభుత్వం పంపిన అధికారి. కౌన్సిల్ తీర్మానాన్ని నిలిపివేసే, రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాలు ధ్రువపత్రాలనూ పథకాలనూ వీధి దాకా తెచ్చాయి. మంచి పనే. కానీ సచివాలయ ఉద్యోగి జవాబు చెప్పేది పై అధికారికి. పింఛను ఇంటికి తెచ్చిచ్చిన వలంటీరుకు ఓటరు దగ్గర ఉన్న చనువు ఆ కాలంలో కౌన్సిలర్‌కు లేకుండా పోయింది. చెత్త రుసుము కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. 2021 అక్టోబరు 2న ఆరంభమైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పట్టణాల్లో ఇంటింటికీ నెలవారీ రుసుము వచ్చింది, వీధిలో తిట్లు కౌన్సిలర్‌కు పడ్డాయి. 2024 అక్టోబరు 2న దాన్ని ఎత్తివేస్తున్నట్టు ముఖ్యమంత్రి మచిలీపట్నం సభలో ప్రకటించారు. వేసిందీ తీసిందీ రాష్ట్రమే. చెత్త బండి ఏ సందులోకి ఎప్పుడు రావాలో తెలిసిన మనిషిని రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

అలాగైతే ఏ అధికారమూ లేని కౌన్సిలర్‌ను నిలదీయడం అన్యాయం కదా అన్న ప్రశ్న వస్తుంది. సగం వరకు ఇది నిజం. చేతిలో లేనిదానికి ఎవరినీ దోషిని చేయకూడదు. కానీ సమావేశానికి హాజరయ్యాడా, వార్డు సమస్య అజెండాలో పెట్టించాడా, పక్కవాడి బిల్లు తీర్మానానికి కళ్లు మూసుకుని చేయెత్తాడా, ఇవన్నీ పూర్తిగా అతని చేతిలోవే. మినిట్స్ పుస్తకంలో ఇవన్నీ నమోదై ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం వాటిని ఏ ఓటరైనా అడిగి తీసుకునే వీలిచ్చింది. కౌన్సిలర్లను మధ్యలోనే వెనక్కి పిలిచే హక్కు (రీకాల్) ఇస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంకొందరంటారు. ఆ హక్కును నగరాల్లో మొదట తెచ్చింది అమెరికాలోని లాస్ ఏంజెలెస్, 1903లో. మరుసటి ఏడాదే డావెన్‌పోర్ట్ అనే కౌన్సిల్ సభ్యుణ్ణి, నగర ప్రకటనల ముద్రణ కాంట్రాక్టును ఎక్కువ ధర అడిగిన పత్రికకు ఇవ్వడానికి ఓటేసినందుకు, వార్డు ప్రజలు దించేశారు. మన దేశంలో 2007 బీహార్ మున్సిపల్ చట్టం కౌన్సిలర్‌ను తొలగించడానికి వార్డు ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది సంతకాలు కావాలంది. గెలవడానికి అక్కర్లేనన్ని ఓట్లు దించడానికి కావాలన్నమాట. ఛత్తీస్‌గఢ్‌లో 2008లో ముగ్గురు పట్టణ అధ్యక్షులను ఓటర్లు దించారు గానీ, ఆ ఓటింగుకు తెర తీయవలసింది కౌన్సిలర్లే. లాస్ ఏంజెలెస్‌లో ఓటరు శిక్షించింది ఒక నిర్దిష్టమైన ఓటును, ఎవరెలా వేశారో అందరికీ తెలిసిన ఓటును. నూజివీడు ఓటరుకు తన కౌన్సిలర్ ఏ తీర్మానానికి చేయెత్తాడో తెలియదు. రీకాల్ కంటే ముందు కావలసింది ఆ తెలియడమే.

ఓటరు డబ్బు తీసుకుంటాడు, కులం చూస్తాడు, అలాంటివాడికి జవాబుదారీ ఎందుకన్న మాట కూడా తరచుగా వింటాం. డబ్బు పంపకం అబద్ధమని ఎవరూ అనరు. అయితే కౌన్సిలర్ చేయగలిగింది తక్కువ, మళ్లీ ఎన్నిక ఎప్పుడో తెలియదు అనుకున్న ఓటరు చేతికందినది తీసుకోవడంలో అంత ఆశ్చర్యమేముంది? రిజర్వేషన్ల మార్పు దీనికి తోడు. దళితులకు, వెనుకబడిన తరగతులకు, స్త్రీలకు సీట్లు దక్కడం న్యాయం. అవి లేకుంటే చాలా వీధుల గొంతు కౌన్సిల్ హాలు గడప దాటేది కాదు. కానీ ప్రతి ఎన్నికకూ వార్డు వర్గం మారితే, ఐదేళ్లు కష్టపడిన కౌన్సిలర్ అదే వార్డు ముందు నిలబడి తీర్పు కోరలేడు, పనిచేయనివాణ్ణి ఓడించే అవకాశమూ ఓటరుకు రాదు. రిజర్వేషన్ అలాగే ఉంచి ఒక వార్డు వర్గాన్ని రెండు ఎన్నికల పాటు కదపకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

గెలిచాక పక్షం మారడం ఇంకో చిక్కు. పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టమైన పదో షెడ్యూలు పార్లమెంటుకూ రాష్ట్రాల చట్టసభలకూ మాత్రమే వర్తిస్తుంది. మున్సిపాలిటీల్లో ఛైర్‌పర్సన్ ఎన్నిక, అవిశ్వాసం వంటి సందర్భాల్లో విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది, మామూలుగా కండువా మారిస్తే పోదు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక అనేక పట్టణాల్లో కౌన్సిలర్లు పక్షం మారారు. 2025 ఏప్రిల్ 19న విశాఖపట్నం మేయర్ అవిశ్వాసంలో ఓడారు. ఈ మార్పుల్లో వార్డు ఓటరును ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగడానికి వేదికే లేదు. రాజ్యాంగం 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాలకే. అరవై వేల లోపు జనం ఉన్న నూజివీడు ఆ లెక్కలోకి రాదు. పద్దెనిమిది వందల మందిని ఒక బడి ఆవరణలో కూర్చోబెట్టి, ఆ నెల అజెండా చదివి వినిపించడం పెద్ద నగరంలో కంటే ఇక్కడే తేలిక. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. కౌన్సిలర్ ఒక కుర్చీ వేసుకుని, మినిట్స్ నకలు చేతబట్టుకుని, సాయంత్రం ఆరింటికి వస్తే చాలు.