పాలారు చెరువులు: నీటి పాలు, నీటి తీరు

లత్తేరి పేరులోని ‘ఏరి’ వినగానే తమిళం తెలిసినవారికి చెరువు స్ఫురిస్తుంది. కాట్పాడికీ గుడియాత్తానికీ నడుమనున్న ఈ ఊరు పాలారు పరీవాహకంలోనిది. నందికొండల్లో పుట్టి కుప్పం సీమ దాటి వచ్చే ఈ ఏరు ఏడాదిలో చాలాకాలం ఇసుకమేటే. వరద వచ్చిన నాలుగునాళ్లలో చెరువులు నిండాలి. ఆపైన బావులే గతి. అందుకే 1892 నాటి మద్రాసు-మైసూరు ఒప్పందం ఎగువ కట్టడాలకు హద్దులు పెట్టింది. 1903 నవంబరులో ఎగువ చెరువులు తెగి వాణియంబాడి మునిగింది.

తగవంతా నీటి వాటా గురించే; నీటి మంచిచెడ్డల ఊసు ఆలస్యంగా వచ్చింది. తోళ్ల కర్మాగారాల మురుగువల్ల సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పాడయిందన్న సర్వేను సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28 నాటి తీర్పులో ఉటంకించింది. కాలుష్యకారకులే నష్టం భరించాలన్నది. ఒక్కొక్క కర్మాగారానికి వేసిన జుర్మానా మాత్రం 10,000 రూపాయలు, స్వల్పమే. బాధితులకు పరిహారం చెల్లించాలని 2025 జనవరి 30న అదే న్యాయస్థానం మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.